లోపల వదిలిన గుడ్డకి రేటెంత?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం పిల్లల బట్టల మీదే ఉన్నాయి, పండగల సీజన్ కదా మరి. నేను పదకొండేళ్ళుగా కుట్టేది అవే కాబట్టి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టేసి వీటికే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: అక్కా, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా పాపకి కుట్టుకున్న పట్టు లంగా జాకెట్టు చూసి తెలిసినవాళ్ళు అడగడంతో మొదలైంది, ఇప్పుడు నెలకి పది పన్నెండు ఆర్డర్లు వస్తున్నాయి. హెమ్మింగ్, కాజాలు అన్నీ చేత్తోనే వేస్తా. పది కాలాలు ఉండేలా కుట్టాలని నా ఆశ. కానీ రెండేళ్ళ పాప సెట్టు, గుడ్డ కూడా నాదే వేసి, 1800 చెప్తే "ఆన్‌లైన్లో 599కే వస్తోంది కదా" అంటున్నారు. రేటు తగ్గించమంటారా?

తగ్గించొద్దు చెల్లీ, అసలు నువ్వు పెంచాలి. నువ్వు పంపిన లెక్కే చూద్దాం. గుడ్డ 1100, లైనింగ్ 180, లేసు 150, హుక్కులూ దారాలూ 40, మొత్తం 1470. నువ్వు 1800 తీసుకుంటే చేతిలో మిగిలేది 330. ఒక సెట్టుకి ఏడు గంటలు పడుతోందని నువ్వే రాశావు, అంటే గంటకి 47 రూపాయలు. అందులోనే కరెంటు, మిషన్ సర్వీసింగు, తప్పు కట్ చేసి పాడైపోయిన గుడ్డ, వాట్సాప్‌లో నలభై ఫొటోలు చూసి చివరికి "ఆలోచించి చెప్తాం" అనేవాళ్ళతో గడిపిన టైము, అన్నీ. గంటకి 100 వేసుకో, అది ఎక్కువేం కాదు, అప్పుడు 1470కి 700 కలిపి 2170. దానిమీద పది శాతం ఈ చిల్లర ఖర్చులకి వేస్తే 2387. ఇంకో ఇరవై శాతం లాభం వేస్తే 2860 దాటుతుంది. నీ సెట్టు అసలు ధర అదీ.

ఇప్పుడు 599 సంగతి. దాంతో నువ్వు రేటులో పోటీ పడకు, పడలేవు కూడా. ఎవరైనా ఆ మాట అంటే రెండు గుడ్డల్లోంచీ ఒక్కో పోగు లాగి వాళ్ళ ముందే అగ్గిపుల్లతో అంటించు. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసనొచ్చి పొడి బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి ముద్దయి గట్టి పూసలా మిగులుతుంది. నేను ఇది చాలాసార్లు చేశా, మాటలతో అరగంట చెప్పినా ఎక్కనిది అరనిమిషంలో ఎక్కుతుంది. (చంటిపిల్లల్ని దూరంగా ఉంచి చెయ్యి, అదొక్కటి.)

కానీ పట్టు అని చెప్తే సరిపోదు, పట్టు గుడ్డ కొట్లో కూడా దొరుకుతుంది. పది కాలాలు ఉండాలంటున్నావు కదా, నన్నడిగితే ఆ గొప్పంతా కనపడని చోట ఉంటుంది, లోపల నువ్వెంత గుడ్డ వదిలావు అనేదాంట్లో. ఇది నేను బుద్ధొచ్చి నేర్చుకున్నదే. మొదట్లో ఒకళ్ళ పాపకి భోగిపళ్ళ కోసం డిసెంబర్ మొదట్లో కొలతలు తీసుకుని ఒంటికి అతికినట్టు కుట్టా, భోగి రోజు సాయంత్రం చూస్తే జాకెట్టు చెయ్యి ఎక్కట్లేదు, విప్పుదామంటే లోపల పావంగుళం కూడా గుడ్డ లేదు, ఆ పిల్ల పాత గౌనులోనే భోగిపళ్ళు పోయించుకుంది, ఆ తల్లి నన్నేమీ అనలేదు గానీ మళ్ళీ నా దగ్గరికి రాలేదు. ఏడాదిలోపు పిల్లలైతే మరీ, మొదటి ఏడాదిలోనే పాతిక సెంటీమీటర్ల దాకా పెరుగుతారు. రెండేళ్ళు దాటాక ఏడాదికి 5 నుంచి 7 సెంటీమీటర్లు.

అందుకని లంగాకి ఒక అంగుళం లోతు మడతలు రెండు పెట్టు. ఒక్కో మడత విప్పితే రెండంగుళాల పొడవొస్తుంది, రెండూ కలిపి నాలుగు, అంటే పది సెంటీమీటర్లు, పెరిగే ఎత్తంతా నడుం కిందే రాదు కాబట్టి రెండేళ్ళ పాపకి దాదాపు మూడేళ్ళు నడుస్తుంది. అయితే అందరూ ఈ మడతలు కింద జరీ అంచు పైన పెడతారు, విప్పాక పట్టు మీద గీత ఉండిపోతుంది, ఎంత ఇస్త్రీ చేసినా పోదు. నేను నడుం బెల్టు దగ్గర, జాకెట్టు కప్పేసే చోట పెడతా. విప్పాక గీత పడినా జాకెట్టు కిందే ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు. కింద పెట్టక తప్పకపోతే ఆ గీత మీద సన్న లేసు వేసెయ్, అదో డిజైన్ అనుకుంటారు.

అసలు చిక్కు జాకెట్టుతో. లంగా నడుం దగ్గర నాడా ఉంటుంది కాబట్టి ఎలాగో సర్దుకుంటుంది, జాకెట్టే ముందు పొట్టయిపోతుంది, బిగుతయిపోతుంది. పక్క కుట్లలో అటూ ఇటూ అంగుళం చొప్పున, కింద అంచులో రెండంగుళాలు వదులు. ఇంకోటి, అదే తానులోంచి అరమీటరు జాకెట్టు గుడ్డ ఎక్స్‌ట్రా కొని కవర్లో పెట్టి పాప పేరు రాసి నీ బీరువాలో దాచు. రెండేళ్ళకి ఆ తల్లి లంగా పట్టుకుని వస్తుంది, జాకెట్టు ఒక్కటి కొత్తది కుట్టిస్తే మళ్ళీ కొత్త సెట్టే. మొదటిసారి మడత విప్పడం ఫ్రీ అని బిల్లు మీదే రాసెయ్. నాకు తిరిగొచ్చే కస్టమర్లలో ఎక్కువమంది ఇలా విప్పించుకోడానికి వచ్చినవాళ్ళే, వచ్చి ఊరికే వెళ్ళరు, చిన్నదానికి కూడా ఒకటి ఆర్డరిచ్చి వెళ్తారు.

రేటు చెప్పేటప్పుడు కూడా బట్ట తిరగేసి లోపలివైపు చూపించి చెప్పు. మూడేళ్ళు వేసుకుని తర్వాత చెల్లెలికి దిగే బట్ట 2860, రెండుసార్లు వేసుకుని మూల పడేసే బట్ట 599, ఏది చవకో వాళ్ళే లెక్కేసుకుంటారు. లెక్కేసుకోనివాళ్ళు నీ కస్టమర్లు కాదు, వాళ్ళని వదిలెయ్.

నువ్వున్న చోటు కూడా నీకు కలిసొచ్చేదే, నర్సాపురం పక్కనే కదా. అక్కడి క్రోషే లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చేది) కూడా వచ్చింది, అయినా చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆడవాళ్ళు ఇప్పటికీ చాలా తక్కువ డబ్బులకే అల్లుతున్నారు. షాపులో మిషన్ లేసు కొనే బదులు ఒకరిద్దర్ని పట్టుకుని కాటన్ గౌన్లకి కాలర్లు, అంచులు అల్లించు, మధ్యవర్తి ఇచ్చేదానికంటే ఎక్కువివ్వు. నీకు 47 ఎంత కష్టంగా ఉందో వాళ్ళకీ అంతే. కాటన్ అన్నాను కాబట్టి ఇంకో మాట, మంగళగిరైనా కలంకారీ అయినా కట్ చెయ్యకముందే ఒక రాత్రి నీళ్ళల్లో నానబెట్టు, లేకపోతే కుట్టాక కుంచించుకుపోయినా రంగు దిగినా లోపల వదిలిన గుడ్డ కూడా నిన్ను కాపాడలేదు. ఎర్ర కలంకారీ తెల్ల లైనింగుకి అంటుకుని నేను రెండు గౌన్లు ఊరికే ఇచ్చేసుకున్నా.

జీఎస్టీ కట్టాలేమోనని కూడా భయపడుతూ రాశావు కదా, ఈ అమ్మకాలకి ఇప్పుడే అవసరం రాదు. సరుకు అమ్మేవాళ్ళకి ఆంధ్రాలో ఏడాదికి 40 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్, తెలంగాణలో అయితే 20 లక్షలు. కాకపోతే హైదరాబాదుకి కొరియర్ చేశావంటే అది వేరే రాష్ట్రానికి అమ్మినట్టు, అప్పుడు ఈ లిమిటు పనికిరాదు. చేతిపని వస్తువులకి కొంత మినహాయింపు ఉంది, నీ సరుకు అందులోకి వస్తుందో లేదో ఆడిటర్ని అడుగు. రిజిస్టరయ్యాక గుర్తుపెట్టుకోవాల్సింది, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒక్కో బట్ట 2500 దాకా అయితే 5 శాతం, దాటితే 18 శాతం. అప్పుడు నీ 2860 సెట్టు మీద పన్ను గట్టిగానే పడుతుంది, లంగా వేరే జాకెట్టు వేరే బిల్లు వెయ్యొచ్చా అని కూడా అదే ఆడిటర్ని అడుగు, నీ అంతట నువ్వు చెయ్యకు.

ప్రశ్న: మేడం, ఒక కస్టమరు వాళ్ళ అమ్మమ్మగారి పట్టుచీర ఇచ్చి మనవరాలి బారసాలకి గౌను కుట్టమన్నారు. కత్తెర పెట్టగానే మడతల దగ్గర చిరిగిపోయింది. ఇప్పుడు నన్ను డబ్బులు కట్టమంటున్నారు. ఏం చెయ్యాలి? (తెనాలి)

కత్తెర పెట్టకముందు చీర వెలుతురుకి ఎత్తి చూడాల్సిందండీ. ఏళ్ళ తరబడి ఒకే మడతల్లో ఉన్న పట్టు ఆ గీతల దగ్గరే చచ్చిపోతుంది. రెండు బొటనవేళ్ళతో పట్టుకుని మెల్లిగా లాగితే పుటుక్కుమంటుంది. అలా అంటే దాన్ని నేరుగా గౌనుగా కుట్టొద్దు. ఇలాంటి చీరల్లో ఎక్కువసార్లు గట్టిగా మిగిలేవి జరీ అంచు, కొంగు. వాటిని తీసి కొత్త మెత్తటి పట్టు మీద వేసి, కింద పల్చటి కాటన్ గుడ్డ ఆధారం పెట్టి చేత్తో కుట్టాలి, మిషన్ సూది పాత పట్టుని ఇంకా కోసేస్తుంది. మిగిలిన గుడ్డ ఒక్క ముక్క కూడా పారెయ్యకుండా సంచిలో వేసి వాళ్ళకే ఇచ్చెయ్యండి, అది వాళ్ళ అమ్మమ్మ చీర, మనకి అది ముక్కే గానీ వాళ్ళకి కాదు.

మీ విషయంలో అయితే వెళ్ళి క్షమించమని అడిగి, అంచు కొంగు కాపాడి గౌను మీ ఖర్చుతో చేసిస్తానని చెప్పండి. చాలామంది ఒప్పుకుంటారు. ఇకమీదట చీర తీసుకునే రోజే నాలుగు వైపులా ఫొటోలు తీసి, చిరుగులెక్కడున్నాయో కాగితం మీద రాసి వాళ్ళ సంతకం తీసుకున్నాకే లోపల పెట్టండి. మొహమాటపడితే మీకే నష్టం.

అన్నట్టు బారసాల అంటున్నారు కాబట్టి, చంటిదానికి జరీ ఒంటికి తగలనివ్వకండి, గీరుకుంటుంది. మెడచుట్టూ లోపల పాత నూలు చీర గుడ్డ పైపింగు వెయ్యండి. పురుడయ్యేదాకా కొత్తబట్ట వెయ్యకుండా ఇంట్లో పాత మెత్తటి పంచెల్లోనే చుట్టేవాళ్ళు చాలా ఇళ్ళల్లో, ఆ మెత్తదనం కొత్త గుడ్డకి ఎక్కడినుంచొస్తుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉండే మా వదినగారి స్నేహితురాళ్ళు ఇరవై సెట్లు అడుగుతున్నారు. అక్కడ అమ్మిపెడతాం అంటున్నారు. పంపేదా? (హన్మకొండ)

ఒక సెట్టు ఇంటివాళ్ళకి పంపడం వేరు, అక్కడ అమ్మడం వేరండీ. అమెరికాలో 12 ఏళ్ళ దాకా పిల్లల వస్తువులకి 2008లో వచ్చిన చట్టం ఉంది, బయటినుంచి తెప్పించి అమ్మేవాళ్ళు సీసం లాంటివాటికి ల్యాబులో టెస్టు చేయించి సర్టిఫికెట్ చూపించాలి. గుడ్డతో పెద్ద ఇబ్బంది ఉండదు గానీ మెటల్ గుండీలు, పూసలు, రంగు పూసిన కుందన్లు, వాటితోనే చిక్కు. మెడ దగ్గర బొందులు అసలొద్దు, అక్కడికైనా ఇక్కడికైనా, ఉయ్యాలకో తలుపు గడియకో చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఇంకో సంగతి, 800 డాలర్లలోపు పార్శిళ్ళకి ఉండే సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది, కాబట్టి పన్ను ఎవరు కట్టాలో ముందే తేల్చుకోండి. ముందు రెండు సెట్లు పంపి చూడండి, ఇరవై గుడ్డ కొనేసి కూర్చోవద్దు.

ప్రశ్న: నేను మగవాణ్ణి, ముప్పై ఏళ్ళుగా టైలర్ని, రెడీమేడ్ దెబ్బకి పని తగ్గింది. పిల్లల బట్టలకి మారదామనుకుంటున్నా. లోను దొరుకుతుందా? (కర్నూలు)

దొరకొచ్చన్నా. 2023 సెప్టెంబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం విశ్వకర్మలో ఉన్న 18 వృత్తుల్లో టైలరింగ్ ఒకటి. తాకట్టు లేకుండా మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షలు, 5 శాతం వడ్డీకి. పనిముట్లకి 15 వేలు వేరే ఇస్తారు, ట్రైనింగ్ రోజులకి రోజుకి 500. ఇంట్లో ఒక్కరికే ఇస్తారు, పాత ముద్రా లోను బాకీ ఉంటే ముందు అది తీర్చాలి. ఒక్క మాట, పెద్దవాళ్ళ షర్టులు కుట్టే చెయ్యి పిల్లల బట్టకి మొదట్లో బరువుగా పడుతుంది. ముందు మీ మనవడికో మనవరాలికో నాలుగు జుబ్బాలు కుట్టి వారం రోజులు వేసి చూడండి, ఎక్కడ గుచ్చుకుంటోందో పిల్లలే గీరుకుని చూపిస్తారు.

ప్రశ్న: కస్టమర్ల పిల్లల ఫొటోలు ఇన్‌స్టాలో పెట్టొచ్చా?

అమ్మానాన్నల్ని అడిగి పెట్టండి, పేరూ ఊరూ రాయకండి. నేనైతే మొహాలు పెట్టడం మానేసి ఏడాదైంది. జాకెట్టు తిరగేసి లోపలి కుట్లు ఫొటో తీసి పెడుతున్నా, "ఇదేంటక్కా ఇంత గుడ్డ వదిలేశారు" అని కామెంట్ వస్తుంది, ఆ కామెంట్ పెట్టినావిడే సాయంత్రానికి ఫోన్ చేస్తుంది.