మలుపులో ఆయిల్ లైట్: పంపు మార్చకు

తమ్ముడూ, కాలేజీ రేస్ కారులో 600 సీసీ బైక్ ఇంజిన్ పెట్టి, కింద నేలకు తగులుతోందని ఆయిల్ పాన్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోతు 40 మి.మీ. కోయించావు. ఇప్పుడు మలుపుల్లో ఆయిల్ లైట్ (ఆయిల్ ప్రెషర్ తగ్గితే హెచ్చరించే దీపం) వెలుగుతోంది, ఆయిల్ పంపు మార్చనా అంటున్నావు. కొత్త పంపు దండగ.

బైక్ మలుపులో వాలుతుంది కాబట్టి ఆయిల్ పాన్ అడుగునే ఉంటుంది. కారు వాలదు. మలుపులో 1 జీ (భూమి ఆకర్షణకు సమానమైన బలం) పక్కకు లాగితే ఆయిల్ 45 డిగ్రీల ఏటవాలుగా గోడకెక్కుతుంది, పికప్ (పంపుకు ఆయిల్ పీల్చే గొట్టం) గాలి పీలుస్తుంది. లోతు తగ్గించిన పాన్‌లో అయితే ఇంకా త్వరగా.

ముందు పికప్ మూతికీ అడుగుకూ మధ్య సందు చూడు. మైనం ముద్ద పెట్టి పాన్ బిగించి విప్పితే తెలిసిపోతుంది. 6 నుంచి 10 మి.మీ. చాలు, మరీ ఆనితే ఆయిల్ లాగలేదు.

పోయిన లోతును వెడల్పులో రాబట్టు. పికప్ చుట్టూ పెట్టెలా గోడలు కట్టి, లోపలికి మాత్రమే తెరుచుకునే చిన్న తలుపులు పెట్టించు. పైన ఒక రేకు మూత. హైదరాబాద్ బాలానగర్‌లో అల్యూమినియానికి టిగ్ (ఒక రకం ఎలక్ట్రిక్) వెల్డింగ్ చేసేవాళ్లు దొరుకుతారు. కానీ పాన్‌ను మందపాటి ప్లేటుకు బిగించి వెల్డ్ చేయమను, లేకపోతే గాస్కెట్ ముఖం (ఇంజిన్‌కు ఆనే అంచు) వంకరపోతుంది. తర్వాత కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచు, కారితే బయటపడుతుంది.

లైటును నమ్మకు, ప్రెషర్ గేజ్ పెట్టు. కారు మళ్లీ తీసేముందు పాత ఆయిల్ తెల్లగుడ్డలో వడకట్టు. మెరిసే లోహపు రేకులు కనిపిస్తే ఇంజిన్ బేరింగులు అరిగి ఉండొచ్చు, విప్పి చూడాల్సిందే.