ఏమీ జరగని జీవితం గురించి ఏం రాసుకోవాలి?

"నా జీవితంలో చెప్పుకోదగ్గవి ఏమీ జరగలేదు, అయినా అనుభవాలు రాసి పెట్టుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి" అని అడిగారు. ఇవాళ ఏం కొన్నారో, ఎంతకు కొన్నారో, ఇంటికి ఎవరొచ్చారో అక్కడే మొదలుపెట్టండి. ఏళ్ళు గడిచాక మిమ్మల్ని పట్టి కుదిపేవి అవే.

నేనుండేది చెన్నైలో, సైదాపేట. 2015 డిసెంబరు వరదల్లో అడయారు నది నీళ్ళు మా వీధిలోకి వచ్చేశాయి. కరెంటు లేదు, ఫోన్లు పనిచెయ్యలేదు. పై వాటాలో ఉండే తమిళ పాట్టిగారి (పాట్టి అంటే తమిళంలో అవ్వ) ఇంట్లో తలదాచుకుని, కొవ్వొత్తి వెలుగులో నోట్‌బుక్కులో రాసుకున్నాను. "చాలా భయంగా ఉంది" అని ఒక వాక్యం. దాని కింద: "అర లీటరు పాలు 50 రూపాయలు. నీళ్ళు మూడో మెట్టు దాకా. పాట్టి మా అందరికీ మిరియాల రసం పోసి అన్నం పెట్టి, ఆకలి లేదంటూ తను మజ్జిగ తాగి పడుకుంది." మొదటి వాక్యం ఇప్పుడు ఎన్నిసార్లు చదివినా నాకేమీ అనిపించదు. ఆ మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు పట్టేస్తుంది. పాట్టి ఇప్పుడు లేరు.

మన చెన్నపట్నం తెలుగాయన ఒకరు ఎప్పుడో ఇలాగే రాశారు. ఏనుగుల వీరాస్వామయ్య అప్పట్లో ఇక్కడున్న సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి మాటల్ని ఇంకో భాషలోకి మార్చి చెప్పేవారు. 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. ఎక్కడ మజిలీ చేశారు, దారి ఎలాంటిది, ఏ ఊళ్ళో ఏం దొరుకుతుంది అని ఎప్పటికప్పుడు రాస్తూ వెళ్ళారు. ఆయన పోయాక 1838లో అది 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. ఆనాటి దేశం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఇప్పటికీ ఆ పుస్తకం తెరుస్తాం.

పెద్దవాళ్ళ అనుభవాలు రాసుకోవాలన్నా ఇదే దారి. మా నాన్న ఇక్కడి కోడంబాక్కం సినిమా స్టూడియోల్లో లైట్‌బాయ్‌గా చేశారు. "నీ జీవితం గురించి చెప్పు నాన్నా" అంటే "ఏముందిరా చెప్పడానికి" అనేవారు. "షూటింగులో పొద్దున టిఫినేం పెట్టేవారు?" అని అడిగాను. ఆ సాయంత్రమంతా మాట్లాడుతూనే ఉన్నారు. తెలుగు సినిమా పరిశ్రమ హైదరాబాదు తరలిపోతుంటే తోటివాళ్ళు ఒక్కొక్కరే సామాన్లు సర్దుకున్న సంగతి కూడా ఇడ్లీ, వడకూర మాటల మధ్యలోనే వచ్చింది. అంతకుముందు ఎన్నడూ ఆయన నోట వినలేదు.

ఇక రాసినదాని గురించి ఆలోచించడం మాటకొస్తే, రాసిన రోజే అర్థాలు వెతక్కండి. పేజీకి ఒక పక్క ఖాళీ వదిలి, ఓ ఏడాది తర్వాత మళ్ళీ చదివి, అప్పుడేమనిపించిందో ఆ తేదీతో అక్కడ రాయండి. పాత మాట తప్పనిపించినా కొట్టెయ్యొద్దు. ఎవరి మీదైనా కోపంతో రాసిన పేజీలకైతే ఇది మరీ అవసరం. రెండు అభిప్రాయాలూ మీవే కదా, పక్కపక్కనే ఉండనివ్వండి.