ఇంజను బోరు చేయించిన నెలకే ఆయిల్ ప్రెషర్ పడిపోవడం – సమాధానం

మిర్యాలగూడలో ఇంజను బోరు (అరిగిన ఇంజనును విప్పి, సానపట్టించి బాగుచేయించడం) చేయించిన నెలకే మీ ట్రాక్టరు పొలంలో టకటకమని కొట్టి, ఆయిల్ లైటు వెలిగి పట్టేసిందంటే, చాలావరకు క్రాంక్‌షాఫ్టు (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్‌లో రాలిన ఇనుప రజను ఆయిల్ దారుల్లోనే మిగిలిపోయి బేరింగులను తినేసి ఉంటుంది. కొత్త ఆయిల్ పంపు కొనడానికి తొందరపడకండి.

1. చాంబరు (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి బేరింగు షెల్లులను (క్రాంక్‌షాఫ్టు తిరిగే చోట ఉండే పలుచని లోహపు రేకులు) వెలుతురులో చూడండి. చుట్టూ గీతలు పడి, మెరిసే రవ్వలు దిగబడి ఉంటే కారణం అదే.

2. అందరూ వదిలేసేది ఇదే: క్రాంక్‌షాఫ్టుకు, బ్లాకుకు ఉన్న ఆయిల్ దారుల బిరడాలను కూడా విప్పించి, సన్నని పొడవాటి బ్రష్షును డీజిల్‌లో ముంచి ప్రతి రంధ్రాన్నీ తెల్లగుడ్డకు మరక అంటనంతవరకు తోమించి, గాలి కొట్టించాలి. పైపైన కడిగితే మలుపుల్లోని రజను కదలదు. నాట్ల అదను తరుముతున్నా ఈ ఒక్క పూట ఆగండి.

3. జర్నళ్లను (క్రాంక్‌షాఫ్టులో బేరింగుల మధ్య తిరిగే నున్నని భాగాలు) మైక్రోమీటరుతో కొలిపించి, ఆ కొలతకు సరిపోయే అండర్‌సైజు షెల్లులనే వేయించండి.

4. కొత్త ఫిల్టరు బిగించి, డీజిల్ ఆపి, ప్రెషర్ చూపేదాకా ఆగి ఆగి సెల్ఫ్ కొట్టిన తర్వాతే స్టార్టు చేయండి.