చివరి లైను దాకా చదివించు, అమ్మడూ

పి.గన్నవరం

అమ్మడూ,

"పెద్దమ్మా, మావాడి చేతిలోంచి ఫోన్ లాగేసుకోనా? ఎనిమిదో తరగతికి వచ్చాడు, తెలుగు పేరా ఒకటి తడబడకుండా చదవలేకపోతున్నాడు" అని నువ్వడిగితే అప్పటికప్పుడు ఏమీ చెప్పలేకపోయాను. నాలుగు రోజులు ఆలోచించి రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

లాగేసుకోవద్దు. ముందు వాడు ఎక్కడ ఆగిపోతున్నాడో చూడు. మొన్న శ్రావణంలో వాడు మా ఇంట్లో ఉన్నప్పుడే నాకది తెలిసింది. గోదావరికి ఎర్రనీరు వచ్చి కాస్త పెరుగుతోంది. పొద్దున్నే ఫోన్ చూసి "అమ్మమ్మా, ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక!" అని అరుచుకుంటూ వచ్చాడు. మీ పెదనాన్నగారు గేదెల పలుపులు విప్పేసి ఏటిగట్టు వైపు తోలేశారు. పక్కింటివాళ్లు బియ్యం బస్తాలు అటకెక్కించడం మొదలుపెట్టారు. నేను కళ్లజోడు పెట్టుకుని ఆ మెసేజ్ మొత్తం చదివాను. ఏడో లైనులో తేదీ ఉంది, 2022 జూలై అని. 25 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ పెద్ద వరదనాటి మెసేజ్ అది, ఎవరో మళ్లీ పంపారు. ఆ రోజు బ్యారేజీ దగ్గర నీళ్లు మొదటి హెచ్చరికకి, అంటే 11.75 అడుగులకి కూడా రాలేదు. మూడోది 17.75. గోదావరి లంకల్లో పుట్టినవాళ్లకి ఇవి నోటికి వచ్చు.

వాడికి చదవడం రాక కాదమ్మా. మొదటి లైను గడగడా చదివాడు, మిగతా లైన్ల జోలికి వెళ్లలేదు. రోజంతా ఫోన్‌లో చదివేవన్నీ రెండు లైన్ల ముక్కలే. చదవడం, వేలితో పైకి తోసేయడం. నిండు పేజీ ఎదురుగా పెడితే, ఈత మానేసినవాడు పంటకాలవ దాటినా రొప్పినట్టు, సగంలోనే ఆయాసపడిపోతున్నాడు.

అందుకని రోజూ రాత్రి భోజనాలయ్యాక పావుగంట పైకి చదివించు. పేపర్లో జిల్లా పేజీ చాలు. కొబ్బరి ధర, కాలవలు కట్టేసే తేదీ, తెలిసిన ఊళ్ల పేర్లు ఉంటాయి కాబట్టి వాడికి ముందుకెళ్లాలనిపిస్తుంది. మొదలుపెట్టిన వార్త చివరి దాకా చదవాలి, షరతు అదొక్కటే. తప్పు చదివినా మధ్యలో ఆపకు. టీచరుగా చేరిన కొత్తలో నేను ప్రతి తప్పుకీ ఆపేదాన్ని. రెండు నెలలకల్లా పిల్లలు క్లాసులో నోరు తెరవడం మానేశారు. అది నాకిప్పటికీ బాధే. అంతా అయ్యాక "ఏం జరిగిందట్రా?" అని మామూలుగా అడుగు. ఆ పావుగంటా నీ ఫోన్, అల్లుడిగారి ఫోన్ కూడా పక్కన పడేయండి. మొదటి పది రోజులు గొణుగుతాడు, పట్టించుకోకు.

పాఠాలు మాత్రం పుస్తకంలోనే చదివించు. 54 పరిశోధనల్ని, 1,70,000 మందికి పైగా పాఠకుల్ని కలిపి చూసిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. తెర మీద కంటే కాగితం మీద చదివినప్పుడే బాగా అర్థమవుతోందని, టైమ్ పెట్టి చదవమంటే ఆ తేడా ఇంకా పెరుగుతోందని తేలింది. కథల దగ్గర మాత్రం తేడా కనిపించలేదు. కాబట్టి కథలు ఫోన్‌లో చదువుకుంటానంటే చదువుకోనీ. కంటి ఆపరేషన్ అయ్యాక అక్షరాలు పెద్దవి చేసుకుని వికీసోర్స్‌లో పాత తెలుగు పుస్తకాలు నేను చదువుకున్నది ఫోన్‌లోనే. ఆ మేలు మర్చిపోలేను.

ఇక రాత. వాడి నోట్సు తిరగేశాను. పెళ్లి 'పెల్లి' అయింది, నీళ్లు 'నీల్లు' అయ్యాయి. మెసేజ్‌లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. అందులో కళ్లకీ కల్లుకీ ఒకటే స్పెల్లింగు, ఇంక 'ళ' వాడికెందుకు గుర్తుంటుంది? ఇంగ్లీషులో కొడితే తెలుగులోకి మార్చే కీబోర్డు కూడా తీసెయ్యి, అందులో మాటను ఎంచిపెట్టేది ఫోనే. తెలుగు అక్షరాలే కనిపించేది పెట్టు. దాంట్లో 'నీళ్లు' రావాలంటే న, గుడి దీర్ఘం, ళ, పొల్లు, ల, కొమ్ము ఒక్కొక్కటీ నొక్కాలి. ఏ అక్షరం కింద ఏ ఒత్తు పడుతుందో వాడి వేలికే తెలిసిపోతుంది. నెమ్మదిగా ఉందని విసుక్కుంటాడు. ఆ నెమ్మదే నాకు కావాలి.

చేత్తో కూడా రాయాలి. వారానికో ఉత్తరం నాకు రాయమను, పేజీ నిండాలి. నువ్వు దిద్దకుండా అలాగే పోస్టు చెయ్యి. నేనూ ఎర్ర పెన్ను పట్టుకోను. వాడు 'నీల్లు' అని రాస్తే, నా జవాబులో 'నీళ్లు' రెండు మూడుసార్లు వచ్చేలా రాస్తాను. నా క్లాసు పిల్లల్లో చాలామందికి ఒత్తులు అలాగే కుదిరాయి.

మొదటి ఉత్తరం దసరా లోపు నాకు అందాలి. ఏం రాయాలని అడిగితే, ఆ హెచ్చరిక రోజు జరిగిందంతా రాయమను. "మూడో హెచ్చరిక" దగ్గర ఆపేస్తే కుదరదు. గేదెలు తిరిగి పాకలోకి వచ్చేదాకా రాయాలి.

మీ పెద్దమ్మ