కమిషన్‌కి అప్లై చేసే ముందు, అమ్మలూ

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. కాలిఫోర్నియాలో మీ సన్నీవేల్ సిటీలో ఏదైనా కమిషన్‌కి, అదే, సిటీ కౌన్సిల్ వేసే ఊరివాళ్ల కమిటీకి, అప్లై చేద్దామనుకుంటున్నావని, ప్లానింగ్ కమిషన్ అయితే బాగుంటుందేమోనని రాశావు. చాలా సంతోషం వేసింది. మనవాళ్లు ఇక్కడ ఇళ్లు కొంటారు, ప్రాపర్టీ టాక్స్ కడతారు, ట్రాఫిక్ గురించీ పార్కుల గురించీ వాట్సాప్ గ్రూపుల్లో అర్ధరాత్రి దాకా వాదించుకుంటారు. అదే సంగతి మీద సిటీ హాల్లో మీటింగ్ పెడితే మాత్రం మన మొహం ఒక్కటీ కనిపించదు. నువ్వు వెళ్తానంటే నాకంతకంటే ఏం కావాలి? ఫోన్లో చెబితే పిల్లల గొడవలో సగం మర్చిపోతావు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మొదటి మాట, ప్లానింగ్ కమిషన్‌తో మొదలుపెట్టకు. తక్కిన కమిషన్లు చాలావరకు ఎన్నికైన కౌన్సిల్‌కి సలహా మాత్రమే ఇస్తాయి. ప్లానింగ్ వాళ్లు అలా కాదు, కొన్ని పర్మిట్ల మీద వాళ్లే నిర్ణయం చేస్తారు. నచ్చనివాళ్లు కౌన్సిల్‌కి అప్పీలు చేసుకోవచ్చు. అక్కడికి బిల్డర్లు, లాయర్లు వస్తారు, కోట్ల డాలర్ల వ్యవహారాలు వస్తాయి, చదవాల్సిన కాగితాలు వందల పేజీలు ఉంటాయి. అందులోకి రేపు వెళ్లొచ్చు. నువ్వు రోజూ పిల్లల్ని స్కూలుకి నడిపించుకుని వెళ్తావు, ఏ మలుపు దగ్గర కారు ఆగదో నీకు తెలుసు. మీ ఊళ్లో సైకిళ్లు, పాదచారుల సంగతి చూసే బైసికిల్ అండ్ పెడెస్ట్రియన్ అడ్వైజరీ కమిషన్ ఉంది, దానికి పెట్టు. లైబ్రరీ మీద మనసుంటే లైబ్రరీ ట్రస్టీల బోర్డు కూడా ఉంది. హౌసింగ్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ కమిషన్‌ని మనవాళ్లు ఎవరూ పట్టించుకోరు గానీ, ఫెడరల్ గ్రాంటు డబ్బులో ముసలివాళ్ల భోజనాలకు, ఇల్లు లేనివాళ్లకు ఎవరికెంత ఇవ్వాలో కౌన్సిల్‌కి చెప్పేది వాళ్లే. ఆ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ గ్రాంటులో ఇలాంటి సేవలకు 15 శాతం మించి వాడకూడదని రూలు. అంత కొద్ది డబ్బు కోసం ఎన్ని సంస్థలు చేతులు చాస్తాయో అక్కడ కూర్చుంటే తెలుస్తుంది.

గ్రీన్ కార్డే కదా, సిటిజన్‌ని కాదు కదా అని అడిగావు. కాలిఫోర్నియాలో 2019లో చట్టం మార్చారు. 18 ఏళ్లు నిండి రాష్ట్రంలో నివాసం ఉంటే, సిటిజన్ కాకపోయినా ఇలాంటి నియామక పదవులకు అర్హులే. అయితే సొంత చార్టర్, అంటే సిటీకి రాజ్యాంగం లాంటి పత్రం, ఉన్న సిటీలు కొన్ని కమిషన్లకు రిజిస్టర్డ్ ఓటరు కావాలని పెట్టుకుంటాయి. కాబట్టి సిటీ క్లర్క్ ఆఫీసుకి ఫోన్ చేసి నువ్వు అనుకున్న కమిషన్ పేరు చెప్పి సూటిగా అడుగు. మీ ఆయన తమ్ముడు కూడా ఉత్సాహపడుతున్నాడని విన్నాను. అతనిది హెచ్‌ వన్‌ బీ. కొన్ని చోట్ల కమిషనర్లకు చిన్న మొత్తం ఏదో ఇస్తారు. వీసా మీద ఉన్నవాళ్లు అలాంటి డబ్బు తీసుకోవచ్చో లేదో ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా సంతకం పెట్టొద్దని చెప్పు.

ఖాళీలు ఎప్పుడు వస్తాయా అని ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. వచ్చే ఏడాది ఎవరెవరి గడువు ముగుస్తుందో ఆ జాబితాను ప్రతి సిటీ డిసెంబర్ 31 లోపు తయారుచేసి జనానికి అందుబాటులో పెట్టాలి. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే ఆ ఖాళీకి నోటీసు పెట్టి, కనీసం 10 పనిదినాలు గడిచాకే కొత్తవాళ్లను వేయాలి. జాబితా చూసుకుని, ఈలోపు ఆ కమిషన్ మీటింగులకు వెళ్లి వెనక కూర్చుని చూడు. ఇంటర్వ్యూలో కౌన్సిల్ వాళ్లు దాదాపు తప్పకుండా అడిగే ప్రశ్న, "మా మీటింగ్ ఎప్పుడైనా చూశారా?" అని. చూసిన మనిషి జవాబు వేరేగా ఉంటుంది, అది వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. అప్లికేషన్‌లో డిగ్రీలు, కంపెనీ పేర్లు రెండు లైన్లలో ముగించు. ఏ వీధి, ఏ క్రాసింగ్, అక్కడ నువ్వు చూసిందేమిటి, అది రాయి. యాస గురించి టెన్షన్ పడకు. నెమ్మదిగా మాట్లాడు, చాలు. మొదటిసారి రాకపోతే మళ్లీ పెట్టు, రెండోసారి వచ్చినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఇక అసలు సంగతి. ఇలాంటి సలహా కమిషన్‌కి చేతిలో అధికారం లేదు. రోడ్డు వేయమని ఆర్డర్ ఇవ్వలేదు, సిటీ ఉద్యోగికి పని చెప్పలేదు. నిర్ణయం కౌన్సిల్‌ది, పని సిటీ మేనేజర్ కింద స్టాఫ్‌ది. ఇది తెలిసి చాలామంది ఆరు నెలల్లో నీరుగారిపోతారు. నువ్వు అలా కావద్దు. ఆ గదిలో అందరికంటే బాగా చదివి, చోటు చూసి వచ్చిన మనిషి మాటకు విలువ ఉంటుంది. అది నేను కళ్లారా చూశాను.

నేను సభ్యురాలిగా ఉన్న కమిషన్‌కి ఒకసారి పాదచారుల సిగ్నల్ విషయం వచ్చింది. స్టాఫ్ రిపోర్టులో అంతా రూల్ ప్రకారమే ఉంది. నేను ఆ సాయంత్రం అక్కడికి వెళ్లి నిలబడ్డాను. మన పెద్దావిడే ఒకామె, గుంటూరు నుంచి మనవణ్ణి చూసుకోవడానికి వచ్చిందట, చీర మీద కోటు, కాళ్లకు స్పోర్ట్స్ షూలు, ముందు స్ట్రోలర్. ఎర్ర చెయ్యి మినుకుమంటూ అంకెలు తగ్గుతున్నాయి. సున్నా వచ్చేసరికి ఆవిడకు ఇంకా ఒక లేన్ మిగిలే ఉంది. కారువాడు హారన్ కొట్టాడు. ఆవిడ స్ట్రోలర్‌తో పరిగెత్తింది.

మీటింగ్‌లో నేను అడిగింది ఒకటే. ఈ టైము లెక్క మనిషి ఏ వేగంతో నడుస్తాడని వేశారు? సెకనుకి 3.5 అడుగులు అని ఇంజనీర్ చెప్పాడు. అది మామూలు లెక్క. ముసలివాళ్లు ఎక్కువగా దాటే చోట 2.8 అడుగులు తీసుకోవడం ఆలోచించమని కాలిఫోర్నియా ట్రాఫిక్ సిగ్నళ్ల మాన్యువల్‌లోనే ఉంది. 84 అడుగుల రోడ్డు మీద మొదటి లెక్కకు 24 సెకన్లు, రెండో లెక్కకు 30. ఆ ఆరు సెకన్లే ఆవిడ పరుగు. ఇంజనీర్ కాదనలేదు, కమిషన్ అంతా ఒప్పుకుని సిఫార్సు రాసింది. ఆవిడ విజిటర్ వీసా మీద వచ్చిన మనిషి, ఇంగ్లీషు రాదు, రాత్రి ఏడింటి మీటింగ్‌కి వచ్చి మైకు ముందు మూడు నిమిషాలు మాట్లాడేది కాదు. ఆ కుర్చీలో కూర్చుంటే ఇలాంటి వాళ్లందరినీ నువ్వు గుర్తుపెట్టుకోవాలి. మనవాళ్లనే అనుకునేవు, అదే సిగ్నల్ దగ్గర మెక్సికో అవ్వ, చైనా తాత కూడా పరిగెడుతుంటారు.

మామూలు మీటింగ్‌కి అజెండా కనీసం 72 గంటల ముందు పెట్టాలి. అంటే చాలాసార్లు నీకు దొరికేది ఒక్క వీకెండే. ముందు మ్యాప్ చూడు, తర్వాత చోటు చూడు, ఆ తర్వాతే స్టాఫ్ సిఫార్సు చదువు. సిఫార్సు ముందు చదివితే మన కళ్లు అదే వెతుకుతాయి. అనుమానాలుంటే మీటింగ్‌లో నలుగురి ముందు స్టాఫ్‌ని నిలదీయకు, ముందు రోజే మెయిల్ పెట్టు. వాళ్లూ ఇంటికి వెళ్లాల్సిన మనుషులే, జవాబు వెతికి పెడతారు. రోడ్డు ఎవరిదో కూడా కనుక్కో. ఎల్ కమీనో రోడ్డు మీ ఊరి మధ్యలోంచే వెళ్తుంది, కానీ అది రాష్ట్ర రహదారి 82, రాష్ట్ర రోడ్ల శాఖ కాల్‌ట్రాన్స్ చేతిలో ఉంటుంది. అక్కడ క్రాసింగ్ మార్చాలంటే సిటీ ఒక్కటే తలుచుకుంటే సరిపోదు. ఇది తెలియక కొత్తవాళ్లు ఏడాదంతా తప్పు తలుపు తడతారు.

బ్రౌన్ యాక్ట్ అని 1953 నాటి చట్టం ఉంది. దీన్ని మాత్రం బాగా చెవిన వేసుకో. జనం పని జనం ముందే జరగాలని దాని ఉద్దేశం. ఏడుగురి కమిషన్‌లో నలుగురు కలిసి బయట ఆ విషయం చర్చించుకోకూడదు. నువ్వు ఒకరితో, ఆయన ఇంకొకరితో, ఆయన మరొకరితో మాట్లాడుకున్నా అది మీటింగ్ కిందే లెక్క. వాట్సాప్ గ్రూపు పెట్టుకోవద్దు. తోటి కమిషనర్ ఫేస్‌బుక్‌లో కమిషన్ విషయం ఏదైనా పెడితే దానికి లైక్ కూడా కొట్టకూడదు. నీ సొంత ఫోనులో సిటీ పని గురించి పంపిన మెసేజీలు కూడా పబ్లిక్ రికార్డే కావచ్చు. శాన్ హోసే కేసులో 2017లో రాష్ట్ర సుప్రీం కోర్టు అలాగే చెప్పింది. అందుకని సిటీ మెయిల్ ఇస్తే అదే వాడు.

నీ ఆస్తుల సంగతి కూడా ఉంది. కొన్ని కమిషన్ల వాళ్లు తమ ఆస్తులు, ఆదాయం చూపించే ఫారం 700 నింపాలి. మీ ఇద్దరికీ కంపెనీ షేర్లు ఉన్నాయి కదా. ఆ ఊళ్లో వ్యాపారం ఉన్న కంపెనీలో 2,000 డాలర్లు, ఆపైన షేర్లుంటే సాధారణంగా చూపించాల్సి వస్తుంది. మీ ఇంటికి 500 అడుగుల లోపు ఏదైనా పని అజెండాలోకి వస్తే, కూర్చోవచ్చా లేదా అని సిటీ అటార్నీ ఆఫీసుని ముందే అడుగు. గుడి కమిటీలో ఉన్నావు కాబట్టి గుడి పార్కింగ్ సంగతి వచ్చినా అంతే. ఆ కుర్చీలోకి వెళ్లిన నెలకే మనవాళ్ల ఫోన్లు మొదలవుతాయి, "అమ్మాయ్, బతుకమ్మకు పార్కు కావాలి, కాస్త చెప్పు" అని. ఎక్కడ అప్లై చేయాలో చెప్పు, ఫారం నింపడంలో సాయం చెయ్యి. సిఫార్సు ఫోను మాత్రం చేయకు. వాళ్లు నొచ్చుకున్నా సరే.

మైకు దగ్గరికి వచ్చి మాట్లాడేవాళ్లలో కోపంగా ఉండేవాళ్లే ఎక్కువ. సైకిల్ లేన్ వేస్తే ఇంటి ముందు పార్కింగ్ పోతుందని ఒక పెద్దాయన అరుస్తాడు. ఆయన భార్యకు మోకాళ్ల నొప్పులు, కారు దూరంగా పెడితే నడవలేదు, అది ఆయన బాధ. ల్యాప్‌టాప్ వైపు కాకుండా ఆయన మొహం చూసి విను. ఆయన మాటకు వ్యతిరేకంగా ఓటెయ్యాల్సి వచ్చినా, ఎందుకో ఆయనకు అర్థమయ్యేలా చెప్పి వెయ్యి.

గైర్హాజరుకి రూలు ఉంటుంది, వరుసగా మానేస్తే కుర్చీ పోతుంది. డిసెంబర్లో ఇండియా వెళ్లేటట్టయితే ముందే చెప్పు. అమ్మమ్మ ఇంటి నుంచి జూమ్‌లో చేరిపోదామనుకోకు, దానికి చట్టంలో షరతులున్నాయి, స్టాఫ్‌ని అడిగి చేయాలి.

ఈ నెల మీటింగ్‌కి వెళ్లి చూడు. పిల్లల్ని నా దగ్గర వదిలెయ్యి, అన్నం పెట్టి పడుకోబెడతాను. అప్లికేషన్ డ్రాఫ్ట్ రాశాక సబ్మిట్ చేసే ముందు నాకు పంపు, ఆదివారం ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ పెద్దమ్మ