అత్తగారి భోషాణం, ఫలక్‌నుమా గది

ప్రశ్న: మాది హైదరాబాద్‌. 10వ పెళ్లిరోజుకు మావారు ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఒక రాత్రికి గది తీసుకున్నారు. ఆ తెల్లటి దుప్పట్లు, పొద్దెక్కేదాకా ఎవరూ పిలవకపోవడం, కిటికీ పక్కన కూర్చుని వేడివేడి కాఫీ తాగడం మరిచిపోలేకపోతున్నాను. తిరిగొచ్చాక మా ఫ్లాటు చూస్తే ఊపిరాడడం లేదు. డిజైనర్‌ను పిలిపిస్తే 14 లక్షలవుతుందన్నారు. మావారు ‘హోటల్ ఉండేది వెళ్లి రావడానికి’ అని కొట్టిపారేశారు. హాల్లోని పాత భోషాణం, మామగారి ఫొటో తీయిద్దామన్నానని అత్తగారు 15 రోజులుగా నాతో మాట్లాడడం లేదు. మంచి ఇల్లు కోరుకోవడం తప్పా?

జవాబు: కోరుకోవడంలో తప్పేమీ లేదమ్మా. అయితే ఆ ఒక్క రాత్రి గురించి మీరు రాసిన మూడు మాటల్లో దుప్పటిని మినహాయిస్తే మిగిలిన రెండూ అలంకరణకు సంబంధించినవి కావు, తీరికకు సంబంధించినవి. 14 లక్షలు పోసి చేయించిన హాల్లో కూడా పిల్లల క్యారేజీలు, అత్తగారి మందులు, పనిమనిషి రాని రోజులు అలాగే ఉంటాయి కనుక, ఉదయం అరగంట మీది అనిపించుకునేలా ఇంటి పనులు ఎలా పంచుకోవాలన్న సంగతిని మీవారితో విడిగా, కొటేషన్ ఊసెత్తకుండా మాట్లాడండి. ఆయన మాట మీకు కటువుగా తోచి ఉండవచ్చు. కానీ ముచ్చటపడి ఇచ్చిన కానుక చివరికి తన ఇంటిని చిన్నబుచ్చడానికి కారణమైందని ఆయన నొచ్చుకున్నారేమో కూడా ఆలోచించండి. ఆ రాత్రి ఎంత బాగా గడిచిందో ఆయనకు ఒక్కసారైనా చెప్పారా?

ఇక మీరు మెచ్చిన ఆ భవనం సంగతి. నిజాం కొలువులోని ప్రముఖుడు వికార్ ఉల్ ఉమ్రా 1884లో కట్టించడం మొదలుపెట్టి, తర్వాత ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చిన ఫలక్‌నుమా మొదట హోటల్ కాదు, ఒకరి నివాసం. ఏళ్ల తరబడి మూతపడి ఉన్న ఆ ప్యాలెస్‌కు నిజాం వంశంలో కోడలిగా అడుగుపెట్టిన రాకుమారి ఎస్రా పర్యవేక్షణలో దాదాపు 10 ఏళ్లు మరమ్మతులు చేయించి, 2010లో హోటల్‌గా తెరిచారు. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనబల్లతో సహా పాత సామాను ఎంతో అక్కడ ఇప్పటికీ ఉంది. అంటే మీరు ముచ్చటపడినవాటిలో చాలాభాగం ఒక కుటుంబం తాతల నాటి వస్తువులే. మీ ఇంట్లో ఆ కోవకు చెందిన వస్తువు ఒక్కటే ఉండగా, తీసేయమని మీరంటున్నది దాన్నే.

మీరు పంపిన ఫొటోలో భోషాణం కన్నా దాని మీద పేర్చిన పాత పేపర్ల కట్ట, ఇస్త్రీపెట్టె, వైఫై రౌటరు ఎక్కువగా కనిపించాయి. ముందు మూల దగ్గర ఆకుపచ్చ ఎనామిల్ రంగు పెచ్చులూడినచోట, లోపల టేకులా తోచే చెక్క చారలు బయటపడుతున్నాయి. పనితెలిసిన వడ్రంగి చేత ఆ రంగు గీయించి, పాలిష్ పట్టించి, ఇత్తడి గడియను చింతపండుతో తోమించి, పైన ఒక్క దీపం మాత్రం ఉంచి చూడండి.

నేను డిజైనర్‌ను కాను గానీ, నాలుగు ఇళ్లు మారిన అనుభవంతో ఒక మాట చెప్పగలను. పెద్ద హోటళ్ల గదుల్లోని హాయిలో సగం వెలుతురుదే. మన ఇళ్లలో నడినెత్తిన ఒకే ట్యూబ్‌లైటు 6500 కెల్విన్ (కాంతి రంగును చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ తెలుపు) తెల్లదనంతో గదంతా ఒకే తీరుగా కొడుతుంది. అక్కడ 2700, 3000 కెల్విన్ పసుపు కాంతినిచ్చే చిన్న దీపాలు మంచం పక్కన, మూలన, అద్దం దగ్గర విడివిడిగా ఉంటాయి. కర్టెన్ కడ్డీని కిటికీ నెత్తిన కాక పైకప్పుకు దగ్గరగా బిగించి, బట్టను నేలదాకా వదిలితే గది ఎత్తు పెరిగినట్టు కనిపిస్తుంది. ఫాల్స్ సీలింగ్ మాత్రం వద్దంటాను, ఎందుకంటే మామూలు ఫ్లాటులో 10 అడుగులకు మించని ఎత్తులో అరడుగు దానికే పోతే మీ ఊపిరాడనితనం ఇంకా పెరుగుతుంది. దుప్పట్ల విషయంలో మీ కోరిక పూర్తిగా సబబైనది, ఎవరినీ అడగకుండా ఈ నెలలోనే కొనుక్కోండి.

మామగారి ఫొటోను మాత్రం ఈ లెక్కల్లోకి తేకండి. భర్తను పోగొట్టుకున్న మనిషి రోజూ లేచి చూసుకునే ముఖం అది, దాన్ని ఎక్కడ ఉంచాలో ఆవిడే చెప్పాలి. మాట తొందరపడి అన్నానని ఒప్పుకోండి, సంజాయిషీలు జోడించకండి. డిజైనర్‌కు అడ్వాన్సు ఇవ్వడం ఒక నెల వాయిదా వేయండి. ఈ ఆదివారం అత్తగారి పక్కన కూర్చుని, తీసేయడానికి కాదని ముందే చెప్పి, భోషాణం తాళంచెవి అడగండి.