హెడర్ బోల్టులు ఊరికే వదులవుతుంటే

చిరంజీవికి పెదనాన్న దీవెనలు.

హెడర్ (ఇంజిన్ నుంచి పొగను సైలెన్సర్ వైపు తీసుకెళ్ళే పైపుల గుత్తి) బోల్టులు ఎన్నిసార్లు బిగించినా మళ్ళీ లూజవుతున్నాయని రాశావు. ఈసారి స్పానర్‌కి పైపు తొడిగి బిగిస్తానన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యకు నాయనా. మరలు పోతాయి. లేదా బోల్టు విరిగి సిలిండర్ హెడ్‌లోనే ఉండిపోతుంది, దాన్ని బయటికి తీయడం నరకం.

నీ బిగింపు చాలక కాదు, వేడి వల్ల వదులవుతున్నాయి. ఇంజిన్ నడిస్తే హెడర్ సాగుతుంది, ఆపితే ముడుచుకుంటుంది. హెడ్ అల్యూమినియందైతే అది పోత ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగే గుణమున్న లోహం. హెడర్, హెడ్ రెండూ రోజూ ఇలా సాగి ముడుచుకుంటుంటే, పొగ కారకుండా మధ్యలో పెట్టే గాస్కెట్ నలిగి పలచబడుతుంది, బోల్టు పట్టు తగ్గుతుంది. ఆ తర్వాతే వైబ్రేషన్‌కి సందు దొరుకుతుంది.

కాబట్టి ముందు హెడర్ విప్పు. అంటుకున్న పాత గాస్కెట్, మసి అంతా గీకేసి, ఫ్లాంజ్ (హెడర్‌ని హెడ్‌కి బిగించే చదునైన పలక) మీద స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి, వెనక నుంచి టార్చి వెయ్యి. స్కేలు కింద నుంచి వెలుతురు వస్తోందంటే ఫ్లాంజ్ వంగింది. వంగినదాన్ని బోల్టులతో లాగి సరిచేద్దామనుకోకు, మెషినింగ్ చేయించి చదును చేయించు. అసలు జబ్బు ఎక్కువగా ఇక్కడే ఉంటుంది, చాలామంది చూడకుండా వదిలేసేదీ ఇదే.

బిగించేటప్పుడు మధ్య బోల్టుతో మొదలుపెట్టి రెండు చివరలకీ పోవాలి. ఒకేసారి కాదు, మూడు విడతల్లో, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే (ఎంత బలంతో తిప్పాలో చెప్పే అంకె). ఆ అంకె పొడి మరలకు ఇచ్చినదైతే, మరలు పట్టేయకుండా రాసే యాంటీ సీజ్ పూసి అంతే టార్క్ పెడితే బోల్టు మోతాదు మించి సాగుతుంది. తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి, ఆపి, పూర్తిగా చల్లారాక మళ్ళీ టార్క్ రెంచ్ పెట్టు. వేడి మీద ముట్టుకోవద్దు. కొన్ని ట్రిప్పులు తిరిగాక ఇంకోసారి చూడు.

స్ప్రింగ్ వాషర్లు ఆ వేడికి బిగువు కోల్పోతాయి, నైలాన్ నట్లు కరిగిపోతాయి. మరలకి పూసే మామూలు థ్రెడ్ లాకర్ జిగురు 150 డిగ్రీల దగ్గరే చేతులెత్తేస్తుంది. పూర్తిగా లోహంతో చేసిన లాక్ నట్లు వాడు, లేదంటే పళ్ళున్న జంట వెడ్జ్ వాషర్లు. బోల్టు తలకి రంధ్రం వేసి తీగ కట్టే పద్ధతీ మంచిదే, తీగ బిగింపు వైపు లాగేలా కడితే.

ఇంత చేసినా వదులైతే హెడర్‌ని వదిలేసి కింద చూడు. సైలెన్సర్ పైపు హ్యాంగర్ తెగినా, ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు పోయినా ఆ బరువంతా ఈ బోల్టుల మీదే పడుతుంది.

పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని, వేడెక్కాక ఆగిపోయే శబ్దం, ఫ్లాంజ్ అంచున నల్లటి మసి కనిపిస్తే లీకు మొదలైందన్నమాట. అందులో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. క్యాబిన్‌లో పొగ వాసన తగిలినా, తల నొప్పెట్టినా బండి పక్కకి ఆపి కిందికి దిగు. లీకు సరిచేయకుండా మళ్ళీ ఎక్కకు.

మీ పెదనాన్న